పొగిడితే గర్వం వస్తుందట!

చర్చిలో ఎవరైనా పాట పల్లవిలో శ్రుతి తప్పితే ఆరాధన ముగిసేలోపే నలుగురు చెప్పేస్తారు. అదే మనిషి ప్రతి ఆదివారం అందరికంటే ముందొచ్చి కుర్చీలు వేస్తాడు. ఆ సంగతి ఒక్కరి నోటా రాదు. ఇదేంటని అడిగితే "పొగిడితే గర్వం వస్తుందండీ" అంటారు. అపొస్తలుడైన పౌలుకి ఆ భయం ఉంటే, బైబిల్లో రోమా సంఘానికి రాసిన ఉత్తరం, అదే రోమా పత్రికలో, 16వ అధ్యాయం రాసేవాడే కాదు. అందులో వందనాలు చెప్పి ఊరుకోలేదు, ఎవరేం చేశారో కూడా రాశాడు. ఫీబే చాలామందికి సహాయపడింది. ప్రిస్కిల్ల, అకుల తన కోసం ప్రాణాలకు తెగించారు. పెర్సిసు ఎంతో ప్రయాసపడింది. "అందరూ బాగా చేస్తున్నారు, దేవుడు దీవించును గాక" అని ఒక్క ముక్కలో తేల్చెయ్యలేదు.

ప్రసంగం చేసినాయనతో "వాక్యం బాగా చెప్పారు బ్రదర్" అంటే ఇంటికెళ్లేలోపు మర్చిపోతారు. "అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గర ఆయన స్నేహితులు ఏడు రోజులు నోరు తెరవకుండా కూర్చున్నారని చెప్పారు చూడండి, ఆ చావు ఇంటికెళ్లినప్పుడు అదే గుర్తొచ్చి ఊరుకున్నాను" అనండి. ఏ మాట ఎక్కడ పనికొచ్చిందో ఆయనకు తెలుస్తుంది. ఆ వారంలోనే చెప్పండి. చివర్లో "కానీ" తగిలించకండి. సరిదిద్దాల్సింది ఉంటే ఇంకో రోజు, ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు.

అసలు గోల కుంగిపోయినవాళ్ల దగ్గర. 1 థెస్సలొనీకయులకు 5:14 చదవండి: అక్రమంగా నడిచేవారికి బుద్ధి చెప్పాలి, ధైర్యం చెడినవారిని ధైర్యపరచాలి, బలహీనులకు ఊతనివ్వాలి. మనమేమో ముగ్గురికీ బుద్ధే చెబుతాం! నిద్రపట్టనివాడికి "విశ్వాసం తక్కువైంది" అని చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని చెట్టు కింద పడుకుంటే దూత ప్రసంగం చెయ్యలేదు. రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. మళ్లీ పడుకోనిచ్చి, మళ్లీ లేపి తినమన్నాడు. "నీలాంటివాళ్లు ఇంకా 7000 మంది ఉన్నారు" అన్న మాట నలభై రోజుల ప్రయాణం తర్వాత, హోరేబు కొండ దగ్గర దేవుడి నోట వినిపించింది. మనం అదే మాట మొదటి రోజే వాట్సాప్‌లో పంపేస్తాం.

మాటతోనే పనైపోదు కూడా. పంఫూలియ అనే ప్రాంతంలో సువార్త పని మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్లడానికి పౌలు వద్దన్నాడు. పౌలు తోటి సేవకుడు బర్నబా మాత్రం వెంటబెట్టుకుని కుప్ర (సైప్రస్) దీవికి తీసుకెళ్లాడు, అందుకోసం పౌలుతోనే విడిపోయాడు. అదే మార్కు తనకు ప్రయోజనకరమైనవాడని పౌలు తర్వాత తన శిష్యుడు తిమోతికి రాశాడు. వాక్యం చదువుతూ తడబడిన కుర్రాడికి "పర్లేదులే" అని భుజం తట్టి, మళ్లీ మైకు ఇవ్వకపోతే ఏం లాభం? వచ్చే ఆదివారం కూడా వాడితోనే చదివించండి. ఈసారి ఏ భాగమో రెండు రోజుల ముందే చెప్పండి.