ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క సీడీ మార్చి చూడండి బాబూ

ఇది కొంచెం పెద్ద పోస్ట్. మూడు వారాలుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఇవాళ రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మా నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి బదిలీ అయినా, చుట్టుపక్కల జాతర ఉందంటే హ్యాండీకామ్ పట్టుకుని బయల్దేరేవారు. తప్పెటగుళ్లంటే ఆయనకు ప్రాణం. ఛాతీకి తప్పెట కట్టుకుని, కాళ్లకు గజ్జెలతో, ఒక్క అడుగు తప్పకుండా రాత్రంతా ఆడే మనుషుల్ని చూసి రావడం వేరు, వీడియో తీసి దాచడం వేరు అనేవారు. జముకు వాయిస్తూ చెప్పే జముకుల కథలు కూడా తీశారు. 2003 నుంచి 2009 దాకా తీసిన టేపులన్నీ స్టూడియోలో ఇచ్చి డిస్కులు వేయించారు. మొదట్లో వీసీడీలు (అంటే సీడీ మీదే వీడియో ఎక్కించినవి), తర్వాత డీవీడీలు, మొత్తం 43. అవన్నీ బీరువాలో అమ్మ పట్టుచీరల పక్కనే ఉంటాయి. ప్రతి కవరు మీదా నాన్న గుండ్రటి రాతలో ఊరు, తేదీ, బృందం పెద్ద పేరు. ఆ ఆడిన వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు.

సంక్రాంతికి మనవలొచ్చారని నాన్న ఒక వీసీడీ తీసి కంప్యూటర్‌లో పెట్టారు. ట్రే లోపలికి వెళ్లింది. డిస్కు తిరిగిన చప్పుడు వచ్చింది, టిక్ టిక్ టిక్ అని మూడుసార్లు కొట్టుకుంది, పచ్చ లైటు కాసేపు మిణుకుమిణుకుమని ఆరిపోయింది. స్క్రీన్ మీద మాత్రం డిస్కు పెట్టండి అని మెసేజ్. ఇంకోటి పెట్టారు, అదే తంతు. ఇంకోటి. అలా పది డిస్కులు మార్చాక నాన్న కుర్చీలో వెనక్కి వాలి, "ఏటమ్మా, అన్నీ పోయినట్టేనా?" అన్నారు. ఆ మాట నాకింకా చెవుల్లోనే ఉంది.

మర్నాడే సీపీయూని ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ఏడు రోడ్ల జంక్షన్ గుంతలకు అది అదరకుండా రెండు చేతులతో పట్టుకుని, టౌన్‌లో ఒక షాపుకు తీసుకెళ్లాను. షాపు పేరు రాయను, నా గొడవ ఒక్క షాపుతో కాదు. అక్కడి అబ్బాయి కరెంటు ఇచ్చి రెండు నిమిషాలు చూశాడు. సైడ్ డోర్ కూడా తియ్యలేదు. "మదర్‌బోర్డు వీక్ అయిపోయింది మేడం, ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం, కాకపోతే కొత్త సిస్టం తీసుకోండి" అన్నాడు. డేటా జాగ్రత్త బాబూ అన్నాను. సరే అన్నాడు. సాయంత్రానికి ఫార్మాట్ చేసేశాడు. డెస్క్‌టాప్ మీద నాన్న రెండేళ్లుగా టైపు చేసుకున్న పాటల ఫైళ్లున్నాయి, విని విని రాసుకున్నవి. అవి పోయాయి. సీడీ మాత్రం ఆడలేదు.

ఇక్కడే నా కోపం. సీడీలు, డీవీడీలు పెట్టే డ్రైవ్ డిస్కు చదవకపోతే ఫార్మాట్ ఎందుకు? సమస్య విండోస్‌దా, డ్రైవ్‌దా అని తేల్చుకోవడానికి ఏ ఫైలూ పోగొట్టుకోనక్కర్లేదు. కంప్యూటర్ ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్తే డ్రైవ్ పేరు కనబడుతుందో లేదో తెలిసిపోతుంది. విండోస్‌కి బదులు వాడే లినక్స్ అనేదాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితో కంప్యూటర్ ఆన్ చేస్తే హార్డ్ డిస్క్‌లోని విండోస్ జోలికి వెళ్లకుండానే డ్రైవ్‌ని పరీక్షించొచ్చు. అక్కడ కూడా డిస్కు చదవకపోతే విండోస్ తప్పేం లేదన్నట్టే. బయోస్‌లో ఉండి, మై కంప్యూటర్‌లో మాత్రం డ్రైవ్ మాయమైతే అది వేరే జబ్బు. అది చాలాసార్లు రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే రెండు ఎంట్రీలు చెడడం వల్ల వస్తుంది. రిజిస్ట్రీకి ఒక కాపీ తీసుకుని, సీడీ డ్రైవ్‌లకు సంబంధించిన ఆ రెండూ తీసేసి రీస్టార్ట్ చేస్తే సాధారణంగా తిరిగొస్తుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా ఆపరేషన్ చేసే డాక్టర్ దగ్గరికి మనం వెళ్తామా? మరి కంప్యూటర్ దగ్గర ఎందుకు ఊరుకుంటున్నాం?

రెండో షాపాయన కొంచెం నయం, నా ముందే చూశాడు. ఆయన దగ్గరున్న సినిమా డీవీడీ ఒకటి పెట్టాడు, ఆడింది. "డ్రైవ్ బాగుంది మేడం, మీ డిస్కులే పాడైపోయాయి, పారేయండి" అన్నాడు. మాట వినడానికి న్యాయంగానే ఉంది. నేనూ నమ్మేశాను. ఇంటికొచ్చి నాన్నకు చెప్పడానికి నోరు రాక రెండు రోజులు దాటేశాను.

మూడో రోజు మా స్కూల్‌లో హెడ్మాస్టర్ గారిని అడిగి, లంచ్ టైములో ల్యాబ్‌లో మూలనున్న పాత కంప్యూటర్‌లో అవే డిస్కులు పెట్టి చూశాను. మొదటిది చదివింది! ఎంపీఈజీఏవీ అనే ఫోల్డర్, దానిలో .DAT అనే వీడియో ఫైలు. ప్లేయర్‌లోకి లాగగానే గజ్జెల చప్పుడు. నాలుగు డిస్కులు పట్టుకెళ్తే నాలుగూ ఆడాయి. అంటే డిస్కుల్లో లోపం లేదు, మా డ్రైవ్‌లోనే ఉంది. మరి షాపులో డీవీడీ ఎలా ఆడింది?

ఆ రాత్రి ఇంట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే పెట్టి కాగితం మీద రాసుకున్నాను. డీవీడీలు అన్నీ చదువుతోంది. సీడీలు ఒక్కటీ చదవడం లేదు, కొత్తగా కొన్న పాటల సీడీతో సహా. అప్పుడు వెలిగింది. డీవీడీ డ్రైవ్‌లో సీడీకి ఒక లేజర్, డీవీడీకి ఒక లేజర్ వేరువేరుగా ఉంటాయి. సీడీది 780 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న ఇన్‌ఫ్రారెడ్ కాంతి, డీవీడీది 650 నానోమీటర్ల ఎరుపు కాంతి. ఒకటి పోయి రెండోది బతికుండొచ్చు. ఇంట్లో రాసుకునే సీడీల్లోని రంగు పొర ఇన్‌ఫ్రారెడ్‌కు తగ్గట్టు చేసింది, ఎరుపు లేజర్‌కు అది లొంగదు. అందుకే డీవీడీ పెట్టి చూసి "డ్రైవ్ బాగుంది" అనేస్తే సగం పరీక్షే. సీడీ ఒకటి, డీవీడీ ఒకటి, రెండూ పెట్టాలి. ఆ రెండో పరీక్షకు అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషం పెట్టకుండా మా నాన్న ఏడేళ్ల కష్టాన్ని పారేయమన్నాడు.

అయినా తొందరపడలేదు. ఒక్కోటీ మార్చి చూశాను, రెండు ఒకేసారి మార్చలేదు. డేటా కేబుల్ తీసి హార్డ్ డిస్క్‌ది దానికి పెట్టాను, తేడా లేదు. మదర్‌బోర్డు మీద ఆ కేబుల్ గుచ్చే సాటా పోర్టు మార్చాను, లేదు. లెన్స్ మీద దుమ్ము ఉందేమోనని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో, ఒత్తకుండా, తుడిచి చూశాను. లేదు. (డ్రైవ్ మూత తీసి కరెంటు మాత్రం ఇవ్వకండి. సీడీ లేజర్ కంటికి సరిగా కనబడదు, కనబడకపోవడమే ప్రమాదం.) ఇక మిగిలింది మార్చడమే. కొత్త డీవీడీ రైటర్ నాకు 1,200 పడింది. కొత్త సిస్టంకు మొదటి షాపువాళ్లు చెప్పింది 32,000.

మార్చడం గురించి భయపడేవాళ్ల కోసం చెప్తున్నాను. ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి లోపల మిగిలిన కరెంటు పోనిచ్చాను. క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో ముట్టుకున్నాను, ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుందని. సైడ్ డోర్ రెండు స్క్రూలు. డ్రైవ్ వెనక రెండే కనెక్షన్లు, వెడల్పుది పవర్, సన్నది డేటా. రెండిటికీ ఎల్ ఆకారంలో గాడి ఉంటుంది కాబట్టి తిరగేసి పెడదామన్నా దూరదు. పాత ఐడీఈ డ్రైవ్ అయితే వెడల్పాటి రిబ్బన్ కేబుల్, వెనక మాస్టర్, స్లేవ్ జంపర్ (ఒకే కేబుల్‌కి రెండు డ్రైవ్‌లుంటే ఏది మొదటిదో చెప్పే చిన్న క్లిప్పు) ఉంటాయి, కొనే ముందు మీది ఏదో చూసుకోండి.

స్క్రూల దగ్గర మాత్రం కాసేపు ఆగిపోయాను. డ్రైవ్‌కి చెరో పక్కా రెండేసి స్క్రూలు ఉండాలి. మొత్తం మీద ఒక్కటే ఉంది. అది కూడా హార్డ్ డిస్క్‌ది. హార్డ్ డిస్క్ స్క్రూ మర దట్టంగా ఉండదు, దూరదూరంగా ఉంటుంది. డీవీడీ డ్రైవ్‌ది సన్నటి ఎమ్‌3 మర. ఒకదాంట్లో ఇంకోటి బలవంతంగా తిప్పితే లోపలి మర అరిగిపోతుంది. అలాగే అరిగి ఉంది. ఎవరో ఎప్పుడో చేతికందింది తిప్పేసి, బిల్లు తీసుకుని పంపేశారు. నిమిషానికి కొన్ని వేల చుట్లు తిరిగే డిస్కు ఉన్న పెట్టెని ఒక్క స్క్రూ మీద వేలాడదీశారు. ఆ స్క్రూని చూస్తుంటే కోపం కంటే బాధేసింది. చేతిలో పని ఉన్నవాడు ఆ పని మీద ఇంత చిన్నచూపు ఎలా చూస్తాడు?

కొత్త డ్రైవ్‌కి నాలుగు స్క్రూలూ బిగించాను. నాన్న టార్చి పట్టుకుని పక్కనే నిలబడ్డారు. మొత్తం ఇరవై నిమిషాలు. శ్రీముఖలింగం శివరాత్రి అని రాసున్న వీసీడీ పెడితే ఈసారి టిక్ టిక్ లేదు. నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. కుర్చీ స్క్రీన్‌కి దగ్గరగా జరుపుకుని, బృందం పెద్ద మొహం కనబడగానే ఆయన పేరు పైకి అన్నారు.

"ఈ రోజుల్లో సీడీలు ఎవరు చూస్తున్నారు మేడం" అని రెండు షాపుల్లోనూ అన్నారు. మా జిల్లాలో ఏ ఇంటి బీరువా తెరిచినా పెళ్లి సీడీ ఉంటుంది, ఓణీల ఫంక్షన్ సీడీ ఉంటుంది, పోయిన తాత మాట్లాడిన సీడీ ఉంటుంది. తిత్లీ తుఫాను వచ్చిన 2018లో మా జిల్లా ఉద్దానం ప్రాంతంలో ఇళ్ల కప్పులే ఎగిరిపోయాయి, ఇక బీరువాల్లో సామాను సంగతి చెప్పాలా. ఇప్పుడొచ్చే క్యాబినెట్లలో చాలావాటికి డీవీడీ డ్రైవ్ పెట్టే చోటే ఉండటం లేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు యూఎస్‌బీ డ్రైవ్ తీసుకోవచ్చు. కాపీ చేసే పని మాత్రం వాయిదా వెయ్యకండి. ఇంకో సంగతి, సీడీకి కింది వైపు గీత పడితే మనం కంగారు పడతాం గానీ, పై వైపు ఎక్కువ ప్రమాదం. వెండిలా మెరిసే పొర ఆ పైన, లేబుల్ కిందే ఉంటుంది, దాని మీద వార్నిష్ లాంటి పలుచటి పూత తప్ప ఇంకేం లేదు. స్టిక్కర్ పీకితే దానితో పాటు పాటలూ ఊడొస్తాయి. డీవీడీకి ఆ పొర రెండు పలకల మధ్యలో ఉంటుంది కాబట్టి కొంత నయం.

రిపేర్ చేసే తమ్ముళ్లతో నాకేమీ పగ లేదు. ఎండలో, కరెంటు కోతల్లో ఆ చిన్న షాపుల్లో వాళ్లు పడే పాట్లు నాకు తెలుసు. చూసినందుకు వంద తీసుకోండి, రెండొందలు తీసుకోండి, సంతోషంగా ఇస్తాను. కానీ చూసి చెప్పండి. ఏం మార్చి చూశారో, ఏం తేలిందో నాకు చూపించి చెప్పండి. తెలియకపోతే తెలియలేదనండి, ఇంకో షాపుకు వెళ్తాను. చూడకుండా "పోయింది, పారేయండి" అనొద్దు.

43లో 41 కాపీ అయ్యాయి. హార్డ్ డిస్క్‌లో ఒక కాపీ, వైజాగ్‌లో తమ్ముడి దగ్గర ఒక కాపీ ఉన్నాయి. మిగతా రెండు వీసీడీలు కొత్త డ్రైవ్‌లోనూ సగంలో ఆగిపోతున్నాయి. ఒక డ్రైవ్ చదవలేని డిస్కుని ఇంకో డ్రైవ్ చదివిన సందర్భాలున్నాయి కాబట్టి ఇంకా ఆశ వదల్లేదు. శ్రీకాకుళంలో గానీ ఆమదాలవలసలో గానీ ఎవరి దగ్గరైనా పనిచేసే పాత సీడీ డ్రైవ్ ఉంటే కామెంట్‌లో చెప్పండి. ఆదివారం డిస్కులు పట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను, నాన్న కూడా వస్తానంటున్నారు.