చావు కబురు పక్కన వేలం నోటీసు

మండల కేంద్రమనే చిన్న ఊళ్లో పంచాయతీ ఆఫీసు వరండాలో ఒక నోటీసు బోర్డు ఉంటుంది. చెక్క చట్రం, జాలీ తలుపు, తలుపుకో చిన్న తాళం. లోపల తైబజారు (సంత అంగళ్ల పన్ను వసూలు హక్కు) వేలం నోటీసు, దాన్ని సగం కప్పేస్తూ ఓటర్ల జాబితా సవరణ ప్రకటన, మూలన వాన జల్లుకు అక్షరాలు అలుక్కుపోయిన మరో కాగితం. అక్కడికి పదడుగుల దూరంలో, రోడ్డు మీద ఒక ఫ్లెక్సీ: పోయిన పెద్దాయన ఫొటో, పెద్దకర్మ తేదీ, భోజనాలు ఎక్కడో. ఫ్లెక్సీని బస్సు దిగిన ప్రతివాళ్లూ చదువుతారు. బోర్డు దగ్గరికి వేలం పాట పాడదలచుకున్న నలుగురే వస్తారు. వాళ్లకు ఆ సంగతి నోటీసు అంటించక ముందే తెలుసు.

ఈ రెండు కాగితాలూ ఒకప్పుడు ఇంత ఎడంగా ఉండేవి కావు. ఎవరింట్లో చావు, ఎవరి పిల్లకు పెళ్లి కుదిరింది, ఎవరి గేదె తప్పిపోయింది అనే ఊరి ముచ్చట్లూ, చెరువు వేలం, పన్ను గడువు, గ్రామసభ తేదీ అనే సర్కారు సంగతులూ ఒకే నోటి వెంట, ఆ తర్వాత ఒకే పేజీలో వచ్చేవి. ముచ్చట కోసం చెవి ఒగ్గినవాళ్ల చెవిన నోటీసు కూడా పడేది. అవి విడిపోయాక ముచ్చట్లకు కొత్త దారులు దొరికాయి, నోటీసు ఒంటరిగా తాళం వెనక మిగిలింది. చిన్న ఊళ్లలో పారదర్శకత గురించి మాట్లాడేవాళ్లు ఈ విడిపోవడాన్ని పట్టించుకోవడం లేదన్నది నా బాధ.

"ఇందుమూలంగా యావన్మంది ప్రజలకూ తెలియజేయడమేమనగా" అనే మాట ఇవాళ హాస్యానికే పనికొస్తోంది గానీ, దాని వెనక గట్టి ఆలోచన ఉంది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 21వ ఆర్డరు 54వ రూలు ప్రకారం కోర్టు ఎవరి స్థిరాస్తినైనా జప్తు చేస్తే, ఆ ఉత్తర్వును ఆస్తి దగ్గర డప్పు కొట్టి గానీ, అక్కడి ఆనవాయితీ ప్రకారం మరో పద్ధతిలో గానీ చాటాలి. ప్రతిని ఆస్తి మీదా, కోర్టు భవనం మీదా అంటించాలి. బాకీ పడ్డవాడికి ఒక కాగితం పంపితే సరిపోదా? సరిపోదు. ఆ భూమిలో వాటా ఉన్న ఆడపడుచు, కౌలుకు చేస్తున్న రైతు, కొంటానని బయానా ఇచ్చిన పొరుగూరి మనిషి, వీళ్లందరికీ తెలియాలి. తెలిసిందని కూడా అందరికీ తెలియాలి. డప్పు మోగాక "నా దాకా రాలేదు" అనే సాకు చెల్లదు, "వాళ్లకు తెలియకుండా కానిచ్చేద్దాం" అనే ఎత్తూ పారదు.

చాటింపు వేసే మనిషి రెండు ముక్కలు అరిచి వెళ్లిపోయేవాడూ కాదు. అరుగు మీది ముసలమ్మ ఆపి అడిగేది: ఏ చెరువు, ఎప్పుడు పాట, పోయినేడు ఎంతకు పోయింది, ఈసారి ఎవరెవరు పాడతారట? ఆయన తెలిసింది చెప్పేవాడు. అప్పటికే పొరుగూరికి చావు కబురు చేరవేసి వచ్చి ఉంటే ఆ సంగతీ చెప్పేవాడు. నోటీసుకు ఎదురు ప్రశ్న వేసే వీలు ఉండేది. గోడ మీది కాగితానికి ఆ గుణం లేదు.

ఆ రోజుల్ని బంగారు కాలంగా చూపించే ఉద్దేశం నాకు లేదు. డప్పు పట్టింది ఎక్కువగా మాదిగ, మాల కుటుంబాల వాళ్లు, చాలాచోట్ల వెట్టిగా. ఊరందరి చావు కబుర్లూ మోసినవాడి ఇంట్లో చావైతే ఊరు కదిలేది కాదు. చాటింపు వేసినవాడి వాడలో ఆ చాటింపుతో పనే లేదనుకునేవాళ్లు, ఎందుకంటే చెరువు పాటలో వాళ్లు పాడతారని ఎవరూ అనుకునేవాళ్లు కాదు. అందుకే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో ఎస్సీ రిజర్వేషన్లను కులాల వారీగా పంచాలని, అంటే ఎస్సీ వర్గీకరణ కోసం, మంద కృష్ణ మాదిగ ముందుండి మొదలుపెట్టిన పోరాటానికి మాదిగ దండోరా (దండోరా అంటే చాటింపే) అనే పేరు నిలవడంలో ఎంతో న్యాయం కనిపిస్తుంది నాకు. అంతకాలం పరుల మాటను చాటిన వాద్యం తన మాట చాటుకుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని తీర్పు ఇచ్చేసరికి ఆ చాటింపుకు ముప్పై ఏళ్లు.

రెండో దశ పత్రికలది. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టాక, రాజధాని వార్తలతోనే నిండే పేపరులోకి మండలం పేరు, ఆ తర్వాత ఊరి పేరు వచ్చి చేరాయి. తక్కిన పత్రికలూ ఆ బాటే పట్టాయి. ఆ పేజీల్లో బోరు చెడిపోయిన వార్త, బడి వార్షికోత్సవం, రిటైరైన మాస్టారికి సన్మానం, పదో తరగతి ఫలితాలు, పామాయిల్ కార్డుల తేదీ, అన్నీ ఇరుగ్గా కూర్చునేవి. వాటిని చిల్లర వార్తలని పట్నం విలేకరులు చిన్నచూపు చూసేవారు. ఆ చిల్లర వల్లే పేపరు ఊళ్లోకి వచ్చింది. మనవడి ఫొటో కోసం పేపరు తెప్పించుకున్న ఇంట్లో పక్క కాలమ్‌లోని టెండరు ప్రకటన కూడా కంటబడింది.

ఈ కలయికకు ఎంత బలం ఉంటుందో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. మొగుడు తాగొచ్చి కొట్టడం అప్పటిదాకా ఇంటి గుట్టు. బయటికి వస్తే నలుగురు గుసగుసలాడుకునే ముచ్చట, అంతే. సారా వేలం పాట ప్రభుత్వ వ్యవహారం, ఖజానాకు ఆదాయం. ఆ రెండూ ఒకే వార్త అని ఆ ఆడవాళ్లు పట్టుకున్నారు, జిల్లా పేజీలు దాన్ని ఊరి నుంచి ఊరికి మోశాయి. 1992లో సారా వేలం పాటలను మహిళలు అడ్డుకున్నారంటే, పాట ఎప్పుడో ఎక్కడో వాళ్ల దాకా చేరింది కాబట్టే కదా. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం. అది ఎన్నాళ్లు నిలిచిందన్నది వేరే చర్చ.

ఆ పేజీల్ని పాడు చేసింది డబ్బు లెక్క. మండల విలేకరికి ఇచ్చే పారితోషికం పెట్రోలుకే చాలదు. ఆ పైన జనవరి 26కీ, ఆగస్టు 15కీ శుభాకాంక్షల ప్రకటనలు తెమ్మని లక్ష్యం పెడతారు. ప్రకటన ఇచ్చిన కాంట్రాక్టరు వేసిన రోడ్డు గురించి ఆ విలేకరి ఏం రాయగలడు? పైగా ప్రకటన ఇవ్వలేని ఇంటి శుభకార్యం, అశుభం మెల్లగా పేజీ నుంచి జారిపోయాయి. 2020 లాక్‌డౌన్ తర్వాత జిల్లా పేజీలు మరీ చిక్కిపోయాయి. ఆ ఖాళీలోకి అప్పటికే ఫ్లెక్సీలు, వాట్సాప్ గ్రూపులు వచ్చి కూర్చున్నాయి.

వాట్సాప్‌ను తిట్టిపోయడం తేలిక. దాని మేలు ముందు ఒప్పుకోవాలి. హైదరాబాద్‌లో మేస్త్రీ పనికి పోయినవాళ్లకు, గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఏ డప్పూ వినిపించదు, కానీ వాళ్ల ఇల్లూ పొలమూ ఊళ్లోనే ఉన్నాయి. మేనత్త పోయిన కబురు ఇప్పుడు వాళ్లకు నిమిషాల్లో చేరుతోంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే సేవలు మొదలుపెట్టడం కూడా జనం ఎక్కడున్నారో అక్కడికి వెళ్లడమే. ధ్రువపత్రం కోసం ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గితే అది మంచిదే.

అయితే సేవ వేరు, చాటింపు వేరు. నా ధ్రువపత్రం నాకు రావాలి. చెరువు వేలం సంగతి మాత్రం నా ఫోన్లోకి వచ్చినంత మాత్రాన చాటినట్టు కాదు, మా వీధి మొత్తానికి తెలిసిందని నాకూ తెలియాలి. గ్రూపులో గ్రామసభ నోటీసు ఒక పీడీఎఫ్ ముక్కగా వస్తుంది. దాని కింద శుభోదయాలు, పుట్టినరోజు కేకులు, "ఓం శాంతి"లు వరుసగా పడి మధ్యాహ్నానికి అది కనబడకుండా పోతుంది. ఎవరు తెరిచి చదివారో తెలియదు. ఎవరైనా "పోయినసారి తీర్మానం ఏమైంది" అని అడిగితే రాజకీయాలు వద్దని అడ్మిన్ హెచ్చరిస్తాడు, మళ్లీ అడిగితే తీసేస్తాడు. అడ్మిన్ చాలాసార్లు ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషే. ముసలమ్మ అరుగు మీద కూర్చుని వేసిన ప్రశ్నకు ఆ గ్రూపులో చోటు లేదు. ఆమెకు ఫోనే లేకపోవచ్చు కూడా.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయనే పుకార్లు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల మీద దాడులకు దారితీశాయి. ఆ ఏడాది జులైలో వాట్సాప్ సంస్థ మనదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. అప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఆ పుకార్లను ఎదుర్కొన్న తీరు గుర్తుపెట్టుకోదగ్గది. పోలీసుల్ని ఊళ్లకు పంపి మాట్లాడించారు, జానపద కళాకారులతో, డప్పుతో ప్రచారం చేయించారు. ఫోన్లో ఒంటరిగా చూసిన భయాన్ని నలుగురి మధ్య వినిపించిన మాటతో పోగొట్టాలని ఆమె గ్రహించారు. చాటింపుకు కాలం చెల్లలేదని దీన్ని మించిన రుజువు నాకు తెలియదు.

చట్టాల్లో లోటు లేదు. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ ప్రాథమిక నోటిఫికేషన్‌ను గెజిట్‌లో, స్థానికంగా తిరిగే రెండు దినపత్రికల్లో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, పంచాయతీలో, కలెక్టరు, ఆర్డీఓ, తహసీల్దారు ఆఫీసుల్లో, వెబ్‌సైట్లో, సంబంధిత గ్రామాల్లో ప్రచురించమంటుంది. అభ్యంతరం చెప్పడానికి అరవై రోజులు. ఇన్ని దారులున్నా పొలం పోతున్న రైతుకు కొలతల వాళ్లు గట్టు మీదికి వచ్చినప్పుడు గానీ తెలియని సందర్భాలు ఉంటాయి. ఎందుకు? నోటీసులో ఉండేది సర్వే నంబరు, సబ్ డివిజన్, విస్తీర్ణం. ఊళ్లో ఆ పొలానికి ఉండే పేరు చింతమాను చేను, లేదా పెద్దోళ్ల దిబ్బ. పట్టాలో ఉన్న పేరు పోయిన తాతది. కాగితం మాట్లాడే భాషలో ఊరు మాట్లాడదు. డప్పు కొట్టినవాడు ఆ రెంటి మధ్య అనువాదకుడు, "ఫలానా వారి బావి కాడి నుంచి కాలవ దాకా" అని చెప్పగలిగేవాడు. ఆ ఒక్క వాక్యం నోటీసు కింద చేర్చడానికి ఏ రూలూ అడ్డం చెప్పదు. ఎవరూ చేర్చరు, అంతే.

గట్టిగా చాటకూడని నోటీసులు కూడా ఉన్నాయి. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోదలచిన జంట ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించే చోట అంటిస్తారు, ముప్పై రోజుల పాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. కులం దాటి, మతం దాటి చేసుకునే పిల్లలకు చిన్న ఊళ్లో ఆ ముప్పై రోజులు ప్రాణాల మీదికి తేగలవు. ఎవరో ఫోన్లో ఫొటో తీస్తే చాలు. వెబ్‌సైట్లో ఈ నోటీసులు పెట్టడం దుర్వినియోగమవుతోందని 2020లో కేరళ ప్రభుత్వం ఆపేసింది. ప్రచురించాలా వద్దా అన్నది ఆ జంట ఇష్టమని 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు చెప్పింది. నా లెక్కలో గీత ఇక్కడే గీయాలి: అధికారం, ఉమ్మడి సొమ్ము చేసే పని ఎంత గట్టిగా చాటితే అంత మంచిది; ఇద్దరు మనుషులు తమ బతుకు గురించి తీసుకున్న నిర్ణయాన్ని చాటాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఇవాళ ఊళ్లలో సరిగ్గా తలకిందులుగా జరుగుతోంది. ప్రేమ పెళ్లి వార్త గంటలో పది గ్రూపులు తిరుగుతుంది, వేలం నోటీసు జాలీ తలుపు వెనకే ఉంటుంది.

మళ్లీ కలపడం కుదురుతుందా? కుదిరిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియోను దళిత మహిళలే నడిపారు. విత్తనాల సంగతి, పాట, ఊరి కబురు, అన్నీ తమ యాసలో. ఎవరి గొంతు చాటుతుందో, ఎవరి ముచ్చట వార్త అవుతుందో నిర్ణయించే పీట మీద ఆ ఆడవాళ్లు కూర్చున్నారు.

అంతకంటే పెద్ద అనుభవం ఉపాధి హామీ సామాజిక తనిఖీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి మస్టర్ల (కూలీల హాజరు పట్టీల) లెక్కలు ఊళ్లోకి తెచ్చి, ఎవరి పేరు మీద ఎన్ని రోజులు, ఎంత కూలి అని బిగ్గరగా చదవడం మొదలైంది. ఇంటింటికీ తిరిగి అడిగి, మండలంలో ప్రజావేదిక పెట్టి తేల్చేవారు. ఆడిటర్లకు అంకెలు మాత్రమే కనిపించే ఆ జాబితాలో ఊరికి మనుషులు కనిపిస్తారు. పేరు చదవగానే వెనక నుంచి ఎవరో అంటారు, "ఆయన పోయి రెండేళ్లయింది గదా, నేనే పాడె మోశాను." ఆ దొంగలెక్కను పట్టిచ్చింది చావు కబురు. మరొకరు అంటారు, "ఆ పిల్ల పెళ్లయి అత్తారింటికి పోయి ఏడాదైంది." పట్టిచ్చింది పెళ్లి కబురు. ఊరి ముచ్చట్లు తెలిసిన జనం ముందు సర్కారు జాబితా చదివితేనే అది నిజంగా తనిఖీ అవుతుంది.

కాబట్టి నేను కోరేది పెద్ద సాంకేతికత ఏమీ కాదు. సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్‌లో వెల్లడించడమంటే ఏమిటో రాసి ఉంది: నోటీసు బోర్డులతో పాటు పత్రికలు, బహిరంగ ప్రకటనలు, ఇంటర్నెట్ అన్నీ అందులో ఉన్నాయి. స్థానిక భాషను లెక్కలోకి తీసుకోమని కూడా ఉంది. అంటే సంత రోజు మైకు పట్టుకుని పింఛన్ల జాబితా, వేలం తేదీలు, పోయిన గ్రామసభ తీర్మానాలు చదవడానికి కొత్త జీవో అక్కర్లేదు. చదివేవాళ్లకు కూలి ఇవ్వాలి, వెట్టి రోజులు మళ్లీ రాకూడదు. పొలాలను ఊరు పిలిచే పేర్లతో చెప్పాలి. దళితవాడలో వేరుగా, అంతే గట్టిగా చదవాలి. అదే మైకులో ఆ వారం ఊళ్లో పోయినవాళ్ల పేర్లు, పెద్దకర్మ తేదీలు ముందు చదవాలి. ఆ పేర్ల కోసం జనం ఆగుతారు. ఆగిన జనానికి ఆ వెంటనే వేలం నోటీసు వినిపించాలి.