48 వేల రూపాయల టోపీ

టోపీ పెట్టడం అంటే ఏమిటో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కరలేదు. మా కుటుంబంలో అది అక్షరాలా జరిగింది. పక్షవాతంతో కుడి చెయ్యి, మాట రెండూ పోయిన మా నాన్న తలకు తీగలు వేలాడే నీలం టోపీ ఒకటి బిగించారు. కంప్యూటర్ తెర మీద ఎర్రగా, పచ్చగా వెలిగే బొమ్మను చూపిస్తూ "సార్ మెదడులో ఎడమవైపు ఎనర్జీ ఆగిపోయింది మేడమ్" అన్నాడు మెదడుకు వైద్యం చేస్తామనే ఆ సెంటర్‌లోని కుర్రాడు. ఎడమవైపు అని ఐదు నిమిషాల ముందు వాళ్ల ఫారంలో రాసి ఇచ్చింది నేనే.

21 రోజుల వైద్యం. గామా తరంగాలు, మూడో కన్ను, క్వాంటం, డీఎన్ఏ, కుండలిని అన్నీ ఒకే కరపత్రంలో సర్దారు. మొత్తం 48 వేలు. తెచ్చింది మా మామయ్య. "బావ కోసమే కదా, ప్రయత్నిస్తే పోయేదేముంది?" అన్నాడు. పోయేదేమిటో చివర్లో చెబుతాను. ముందు ఆ టోపీ కథ చెప్పాలి, ఎందుకంటే ఆ యంత్రం మీద నాకు కోపం లేదు. నిజానికి దాని పుట్టుక తెలిశాక దాని మీద ఒక రకమైన ప్రేమ కలిగింది.

హాన్స్ బెర్గర్ అనే జర్మన్ యువకుడు సైన్యంలో ఉండగా గుర్రం మీద నుంచి పడి, వెనక వస్తున్న ఫిరంగి బండి కింద నలిగిపోవలసింది, వెంట్రుకవాసిలో బతికాడు. ఆ సాయంత్రమే ఇంటి నుంచి టెలిగ్రాం వచ్చింది. తమ్ముడికి ఏదో కీడు జరిగిందని దూరాన ఉన్న అక్క మనసుకు తోచి తండ్రి చేత పంపించిందట. ఒక మనసులోని భయం ఇంకో మనసుకు ఎలా అందిందో తేల్చాలని ఆయన మెదడు వైద్యుడయ్యాడు. ఏళ్ల తరబడి వెతికి, 1924లో యేనా నగరంలో మనిషి తల మీద నుంచి మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. మనసులు మాట్లాడుకునే దారి మాత్రం ఆయనకు దొరకలేదు. కళ్లు మూసుకుని నెమ్మదిగా కూర్చున్నప్పుడు కనిపించే ఆల్ఫా తరంగం దొరికింది. టెలిపతీ కోసం బయలుదేరిన మనిషి చేతికి ఈఈజీ వచ్చింది, అంటే తల మీద నుంచి మెదడు విద్యుత్తును కొలిచే పరీక్ష. నాన్న తలకు పెట్టిన టోపీ దాని వారసురాలే. దొరికినదాన్ని దొరికినట్టే రాశాడు, అది ఆయన గొప్పతనం.

మన దేశంలోనూ ఈ వెతుకులాట నిజాయితీగానే సాగింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్, ఛీనా, బల్దేవ్ సింగ్ 1961లో యోగుల ఈఈజీలు ప్రచురించారు. ఇద్దరు యోగులు 4 డిగ్రీల చల్లటి నీళ్లలో ముప్పావుగంటకు పైగా చెయ్యి పెట్టి కూర్చున్నా వాళ్ల ఆల్ఫా తరంగాలు చెదరలేదు. చాలా చిన్న అధ్యయనం, అయినా చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ధ్యానానికీ మెదడుకూ సంబంధం లేదని నేను అనడం లేదని చెప్పడానికే ఇదంతా. ఈ పోస్టు చదివి నన్ను నాస్తికుల పద్దులో వేసే పిన్నిలూ బాబాయిలూ కొంచెం ఆగండి.

మళ్లీ టోపీ దగ్గరికి వస్తాను. పుర్రె బయటకు అందే మెదడు విద్యుత్తు వోల్టులో పదిలక్షల వంతుల లెక్కలో ఉంటుంది. కన్నార్పితే పుట్టే విద్యుత్తు దానికంటే పెద్దది. పళ్లు బిగబట్టినా, నుదురు ముడిచినా కండరాల సందడి వచ్చి సరిగ్గా గామా తరంగాలు, అంటే మెదడు తరంగాల్లో చాలా వేగంగా ఊగేవి, ఉండవలసిన చోటే కూర్చుంటుంది. మూడో రోజు ఆ కుర్రాడు "గామా బాగా పెరిగింది" అని సంబరపడ్డాడు. టోపీ బిగుతుగా ఉందని చెప్పలేక, నాన్న పళ్లు కొరుకుతున్నారు.

ఆ శనివారమే ఇంట్లో ఒకటి జరిగింది. అప్పటికి నాన్న నోట ఒకే ఒక్క మాట మిగిలింది: "అదే". మంచినీళ్లు కావాలన్నా అదే, కోపం వచ్చినా అదే. (1861లో పారిస్‌లో బ్రోకా అనే వైద్యుడు చూసిన రోగి ఏం అడిగినా "టాన్" అనేవాడు. మాట పుట్టే చోటు మెదడులో ఎక్కడుందో ఆ రోగి వల్లే లోకానికి తెలిసింది.) అమ్మ దీపం పెట్టి గోవింద నామాలు మొదలుపెట్టింది. పక్కగదిలో కుర్చీలో ఉన్న నాన్న గొంతు కలిపారు. ముద్దగా, కొంచెం వెనకబడి, కానీ మాటలతో. అమ్మ హారతి పళ్లెం అక్కడే పెట్టి కూలబడిపోయింది. నేను ఏడ్చాను. మామయ్య వెంకన్న మహిమ అన్నాడు. సెంటర్‌కు ఫోన్ చేస్తే "చూశారా, మంత్ర శక్తి యాక్టివేట్ అయింది" అని, ఇంకో 21 రోజులు పొడిగించుకోమన్నారు.

అసలు సంగతి చెప్పింది వారానికి మూడుసార్లు వచ్చే స్పీచ్ థెరపిస్టు. పాతికేళ్లు కూడా ఉండవు ఆ అమ్మాయికి. ఇలా మాట పోయినవాళ్లలో చాలామంది పాత పాటలు, ప్రార్థనలు, అంకెలు, తిట్లు పలకగలుగుతారట. అప్పటికప్పుడు కూర్చి మాట్లాడే మాటకూ, ఏళ్ల తరబడి నోటికి పట్టిన మాటకూ మెదడులో దారులు కొంత వేరు. దీన్ని ఆసరా చేసుకుని అమెరికాలో బోస్టన్ వైద్యులు 1973లోనే ఒక చికిత్స రూపొందించారు. చిన్న చిన్న మాటలను రాగంలో పెట్టి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ పలికించడం. 2011లో తలలో తూటా దిగి మాట కోల్పోయిన అమెరికా ప్రజాప్రతినిధి గాబ్రియెల్ గిఫర్డ్స్ చికిత్సలో కూడా సంగీతానికి వాటా ఉంది. మేలు చేసేది రాగమా, తాళమా, నోటికి అలవాటైన మాటలా అన్నది పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. "మీ నాన్నగారు నలభై ఏళ్లు పాడిన నామాలు ఇప్పుడు మనకు పనికొచ్చాయండీ" అందా అమ్మాయి.

అమ్మకు ఇదంతా వివరించాను. ఓపికగా విని, "సరే, ఆ రెండో దారి తలలో పెట్టింది ఎవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఉండవలసిన అవసరమూ కనపడలేదు. అమ్మ ప్రశ్నకు రుసుము లేదు, పొడిగింపు లేదు. ఆధ్యాత్మికత పేరుతో ఎవరైనా రోజూ నాన్న పక్కన గంట కూర్చున్నారంటే అది అమ్మే.

నా కోపమంతా సైన్సు మాటలను అద్దెకు తెచ్చుకుని భక్తిని అమ్ముకునేవాళ్ల మీద. కొన్నేళ్ల కిందట మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ అని ఊరూరా శిబిరాలు పెట్టారు, గుర్తుందా? కళ్లకు గంతలు కట్టుకుని పిల్లలు పుస్తకాలు చదివేస్తారని వేలకు వేలు గుంజారు. ముక్కు పక్క సందులోంచి చూస్తున్నారని మంగళూరు హేతువాది నరేంద్ర నాయక్ వేదికలెక్కి చేసి చూపించారు. మధ్య మెదడు కళ్ల కదలికలను నడిపిస్తుంది, చప్పుడుకు తల తిప్పిస్తుంది. అక్కడి కొన్ని కణాలు చచ్చిపోతే పార్కిన్సన్ జబ్బు వస్తుంది. అది యాక్టివేట్ కాకుండా ఉంటే పిల్లవాడు శిబిరం దాకా నడిచి వచ్చేవాడే కాదు.

విదేశీ సరుకూ తక్కువ తినలేదు. లుమోసిటీ అనే మెదడు ఆటల కంపెనీ మతిమరుపును వాయిదా వేస్తామన్నట్టు ప్రచారం చేసుకుని, రుజువులు లేవని 2016లో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టింది. అంతకు ముందే 2010లో 11,430 మందితో ఆరు వారాలు ఆటలు ఆడించి చూస్తే, ఆడిన ఆటలో మెరుగయ్యారు తప్ప మిగతా తెలివికి పెద్దగా ఒరిగిందేమీ లేదు. ధ్యానం సంగతీ చూడండి. ఎనిమిది వారాల్లో మెదడు ఆకృతే మారిపోతుందని 2011 నాటి చిన్న అధ్యయనం ఒకటి పట్టుకుని ఇప్పటికీ వాట్సాప్‌లో తిప్పుతున్నారు. 2022లో 218 మందితో జాగ్రత్తగా చూస్తే అలాంటి మార్పు కనపడలేదు. ఆ ఫలితాన్ని ప్రకటించినవాళ్లలో, బౌద్ధ భిక్షువుల మెదళ్లను ఏళ్ల తరబడి చదివిన రిచర్డ్ డేవిడ్‌సన్ కూడా ఉన్నారు. తన ఇష్టానికి ఎదురొచ్చిన ఫలితాన్ని దాచిపెట్టలేదు. అదే ఏడాది మరో పరీక్షలో 276 మంది ఆందోళన రోగులకు అదే ఎనిమిది వారాల ధ్యానం, వాడుకలో ఉన్న ఒక మాత్రకు దీటుగా పనిచేసింది. అంటే ఆందోళన తగ్గడానికి మెదడు ఆకారం మారితీరాలని లేదు. ఈ రెండో వార్త మాత్రం మా కుటుంబ గ్రూపులో ఎవరూ పంపలేదు.

ఇప్పుడు మామయ్య ప్రశ్న. పోయేదేముంది? పక్షవాతం తర్వాత మొదటి మూడు నెలల్లోనే కోలుకోవడం వేగంగా ఉంటుంది. అందులో మూడు వారాలు ఉదయం పూట ఫిజియోథెరపీ మానేసి నాన్నను ఆటోలో ఆ సెంటర్‌కు తిప్పాం. "కెమికల్స్ తగ్గిస్తే ఎనర్జీ బాగా పారుతుంది" అని అక్కడివాళ్లు అంటే, మాకు చెప్పకుండా నాన్న నాలుగు రోజులు బీపీ మాత్ర దిండు కింద దాచారు. దుప్పటి మారుస్తూ అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ఇంకోసారి మెదడులో నరం చిట్లి ఉంటే ఆ నీలం టోపీ ఎవరిని రక్షించేది? అడిగితే, సలహా మాత్రమే ఇచ్చామన్నారు. డబ్బు తిరిగి ఇవ్వలేదు.

నాన్న చేతికి పనికొచ్చిన మెదడు శిక్షణ ఏమిటంటే, శనగలు. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి, ఒక్కొక్క గింజ, కుడిచేత్తో. మొదటి రోజు మూడు గింజలు వేసి చెమటలు పట్టి గిన్నె తోసేశారు. రోజూ వంద, తర్వాత రెండు వందలు. ఫోటో తీసి పెట్టుకునేంత అందమైన పని కాదు, ఏ తెర మీదా రంగులు వెలగవు. లండన్‌లో టాక్సీ నడపాలంటే పాతిక వేల వీధులు బట్టీ పట్టాలి. ఏళ్ల తరబడి చదివి పరీక్ష నెగ్గినవాళ్ల మెదడులో దారులను గుర్తుపెట్టుకునే భాగం పెరిగిందని, నెగ్గనివాళ్లలో పెరగలేదని 2011లో తేలింది. ఇలాంటి చాకిరీకి మన పెద్దవాళ్లు సాధన అని పేరు పెట్టారు. సంగీతం మాస్టారూ, యోగా మాస్టారూ, ఫిజియోథెరపిస్టూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెబుతారు: మళ్లీ చెయ్యి.

ఇప్పుడు నాన్నకు దాదాపు అరవై మాటలు వచ్చాయి. సగం రాగంలోనే వస్తాయి. మొన్న ఆదివారం టీ గ్లాసు కుడిచేత్తోనే అందుకుని, ఒక గుక్క తాగి, "చక్కెర లేదే" అని గోవింద నామాల వరసలో పాడారు. అమ్మ వంటింట్లోంచి తాళం తప్పిందంది.