మహారాజశ్రీ 2147483647 గారికి

ఉభయకుశలోపరి. మీ పేరు పూర్తిగా పలకాలంటే రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అనాలి. అంత ఓపిక లేదు, ‘మీరు’ అనేస్తాను.

మీ వంశం గొప్పదే. 31 రెండ్లు వేసి గుణించి, ఒకటి తీసేస్తే మీరు. ఇలా పుట్టినవాళ్లందరి ఇంటిపేరూ మెర్సెన్. మీరు ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలర్ అంతటి గణితవేత్త సర్టిఫికెట్ ఇచ్చాడు, అదీ చూపు దాదాపు పోయిన రోజుల్లో. మామూలుగా అయితే 46,340 లోపున్న ప్రధాన సంఖ్యలన్నిటితో, అంటే సుమారు 4,800 సార్లు, భాగించి చూడాలి. మీకు ప్రధాన కారణాంకమంటూ ఉంటే గింటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని తేల్చి, ఆయన ఆ పనిని 84 భాగహారాలకు దించాడు. 1811లో బార్లో అనే ఆయన మీవల్ల పుట్టిన పరిపూర్ణ సంఖ్యను (తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తనే వచ్చే సంఖ్య) చూసి, ఇంతకన్నా పెద్దది ఇంకెవరూ కనుక్కోరని రాసేశాడు. 1883లో రష్యాలో ఒక చర్చి ఫాదర్ కనుక్కున్నాడనుకోండి, అది వేరే సంగతి.

ఇంత ఉండీ, 32 బిట్ల (0 గానీ 1 గానీ పట్టే గళ్ల) కంప్యూటర్లో గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఎందుకు చేరారండీ? ఒక బిట్టు ప్లస్సా మైనస్సా చెప్పడానికి పోతుంది, మిగతా 31 నిండితే మీరు. మీ మీద ఒక్కటి కలిపితే చాలు, తేలేది మైనస్ 2147483648 దగ్గర. 214 కోట్ల ఆసామి చేతిలో ఒక్క రూపాయి పెడితే అంతకంత అప్పు! ఏ వడ్డీ వ్యాపారికీ తట్టని ఆలోచన.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కస్టమర్ల మొబైల్ నంబర్ల కాలమ్‌కి ‘ఇంట్’ టైపు, అంటే ఈ 32 బిట్ల పూర్ణాంకమే, పెట్టాను. మన మొబైల్ నంబర్లు 6 నుంచి మొదలవుతాయి కదా, ప్రతిదీ మీకన్నా పెద్దదే. ఆ డేటాబేస్ కనీసం ఎర్రర్ ఇవ్వకుండా అన్నిటినీ కోసి మీ దగ్గర ఆపింది. తెల్లారి చూస్తే వెంకటలక్ష్మి గారికీ, బాషా గారికీ, అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారికీ ఒకటే నంబర్. మీరే! మా మేనేజర్ చాలా నెమ్మదిగా, “అందరూ ఒకే ఇంట్లో ఉంటారా బాబూ?” అన్నాడు.

ఇంకో లెక్క మిగిలే ఉంది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న పాత 32 బిట్ల మెషీన్లు 2038 జనవరి 19న, మన టైముకి ఉదయం 8:44:07కి మీ దగ్గరికి చేరతాయి. మరుసటి సెకనుకి వాటికి 1901 డిసెంబరు 14 తెల్లవారుజామున 2:15:52. అసలే మంగళవారం, పైగా టిఫిన్ వేళ. ఆ రోజుకి సెలవు ఇప్పుడే పెట్టేశాను.

ఇట్లు,
మీకన్నా పెద్ద ఫోన్ నంబరు గల ఒక ఉద్యోగి