ధర పెరిగితే చాలదు, బస్సు రావాలి
చమురు ధర పెరిగితే జనం వాళ్లంతట వాళ్లే బస్సెక్కుతారని ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. ఎక్కడానికి బస్సు ఉండాలి కదా! 1973లో అరబ్ దేశాలు చమురు ఎగుమతిపై ఆంక్షలు పెట్టాక పీపా ధర కొద్ది నెలల్లోనే 3 డాలర్ల నుంచి దాదాపు 12 డాలర్లకు ఎగబాకింది. అయినా అమెరికాలో జనం కార్లు వదల్లేదు, బంకుల ముందు బారులు తీరారు. చాలా ఊళ్లలో వేరే దారి లేదు మరి. నేను రోజూ బస్సు ప్రయాణికుణ్ణే. స్టాపులో టికెట్ ధర గురించి ఎవరూ పెద్దగా గొణగరు, అందరి కళ్లూ రోడ్డు మలుపు మీదే. చివరికి ఒకేసారి మూడు వస్తాయి: మొదటిదాంట్లో కాలు పెట్టే చోటుండదు, వెనకవి ఖాళీ. మెట్రోకు ఏళ్లు పడుతుంది, సరే. బస్సులకు రోడ్డు మీద ప్రత్యేక వరుస కేటాయించడానికి అంత సమయం అక్కర్లేదు. ఆ ఊసే వ్యాసంలో లేదు.