సమీక్ష కామిక్ మీదా, గేమర్ మీదా?

వీడియో గేమ్‌ల చుట్టూ అల్లిన వెబ్‌కామిక్, అంటే ఇంటర్నెట్‌లో వచ్చే బొమ్మల కథ, ఏదైనా చేతికొస్తే మన సమీక్షకులు ఏం చేస్తారో గమనించండి. గీత ఎలా ఉందో చెప్పరు. మాటలు పండాయో లేదో చెప్పరు. అది చదివేవాళ్లు ఎలాంటివాళ్లో చెప్తారు. కళ్లు ఎర్రబడ్డ కుర్రాడు, తల దువ్వుకోనివాడు, నూడిల్స్ గిన్నె పక్కన పెట్టుకుని తెల్లార్లూ అరిచేవాడు, ఆడపిల్ల ఎదురైతే నోరు పెగలనివాడు. ‘వాళ్లకి ఇది చాల్లే’ అన్న ధోరణిలో సమీక్ష ముగుస్తుంది. ఇంగ్లిష్‌లో పాతికేళ్లుగా నడుస్తున్న ఈ అలవాటు ఇప్పుడు తెలుగు వెబ్‌టూన్ (ఫోన్ తెర జరుపుతూ చదివే కామిక్) సమీక్షల్లోకీ, రీల్స్‌లోకీ దిగింది. గేమర్ల మనసు నొచ్చుకుంటుందని నాకు బెంగేమీ లేదు. అంతకంటే పెద్ద తిట్లు వాళ్లు ఇంట్లోనే తింటారు. విమర్శ పేరుతో అసలు పని ఎగ్గొడుతున్నారన్నదే నా ఫిర్యాదు.

పాత కథ తెలిసిందే. 1998లో అమెరికాలో ‘పెన్నీ ఆర్కేడ్’ మొదలైంది. ఇద్దరు గేమర్ స్నేహితులు, వాళ్ల కబుర్లు, చివరి గడిలో ఒక వెటకారం. ఆ మూస బాగా అమ్ముడుపోయి, సోఫాలో ఇద్దరు కుర్రాళ్లను కూర్చోబెట్టిన అనుకరణలు కుప్పలుగా వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం చెత్తే, ఒప్పుకుంటాను. ఒకరి మూస ఇంకొకరు కాపీ కొట్టడం వల్ల చెత్త అయ్యాయి. అలా రాస్తే సరిపోయేది. కానీ ఏ గడి ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారో చూపించాలంటే కూర్చుని చదవాలి కదా, దానికంటే గేమర్‌ని తిట్టడం సులువు.

అసలు ‘కంట్రోల్ ఆల్ట్ డిలీట్’ విషయంలో జరిగింది చూస్తే ఈ సులువు ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. టిమ్ బక్లీ 2002లో మొదలుపెట్టిన కామిక్ అది. హీరో ఈతన్, గేమ్‌లు తప్ప లోకం తెలియని వెర్రిబాగులవాడు. 2008 జూన్ 2న అందులో ‘లాస్’ (నష్టం) అనే స్ట్రిప్ వచ్చింది. నాలుగు గడులు, ఒక్క మాట లేదు. ఈతన్ ఆసుపత్రి తలుపు తోసుకుని వస్తాడు. రిసెప్షన్‌లో అడుగుతాడు. డాక్టర్ ముందు నిలబడతాడు. చివరి గడిలో అతను పెళ్లి చేసుకోబోయే లైలా మంచం మీద పక్కకు తిరిగి పడుకుని ఉంటుంది. గర్భం పోయింది. ఆ రోజు మొదలైన నవ్వు ఇంకా ఆగలేదు. పదిహేనేళ్లు దాటినా ఆ స్ట్రిప్ మీద కొత్త మీమ్ పుడుతూనే ఉంది.

నవ్వినవాళ్ల వాదనలో పస లేదని అనను. ఆరేళ్లు కోతి చేష్టలు చేసిన పాత్ర చేతిలో అంత విషాదం హఠాత్తుగా పెడితే పాఠకుడు తడబడతాడు. ఆడదాని నష్టాన్ని మగ పాత్రకు బుద్ధి రావడానికి వాడుకున్నారన్న మాట ఇంకా బలమైనది. ఈ రెండూ కామిక్ మీద చేసిన విమర్శలే, కాబట్టి వాటితో నాకు పేచీ లేదు.

కానీ లోకంలో మోగిన నవ్వు వీటి గురించి కాదు. గేమర్‌కి ఏడుపేమిటి అన్న నవ్వు అది. దానికి అడ్డంగా నిలిచే సాక్ష్యం ఆ మీమ్‌లోనే ఉంది. ‘లాస్’ని జనం గీతల్లోకి కుదించారు: మొదటి గడికి ఒక నిలువు గీత, రెండో గడికి రెండు, అందులో ఒకటి పొట్టి, మూడో గడికి సమానంగా రెండు, నాలుగో గడికి ఒక నిలువు, ఒక అడ్డం. మొత్తం ఏడు గీతలు. దేశంతో, భాషతో పని లేకుండా వాటిని చూడగానే గుర్తుపడుతున్నారు. వచ్చినవాడు ఒంటరి, కూర్చున్న మనిషి పొట్టి, డాక్టర్ ఎదురుగా నిలువు, పడిపోయిన మనిషి అడ్డం. ఎవరెక్కడ ఉండాలో అంత స్పష్టంగా కుదిరిన స్ట్రిప్‌లు ఆ కాలం వెబ్‌కామిక్స్‌లో ఎన్ని ఉన్నాయి? గీయడం రాదని వెక్కిరించిన స్ట్రిప్, బొమ్మలన్నీ చెరిపేసినా నిలబడింది. గేమర్ కామిక్ అన్న ముద్ర కళ్లకు అడ్డు పడకపోతే ఇది చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇదే ముద్ర చెత్త కామిక్‌నీ కాపాడుతుంది. గేమర్ల సరుకు కదా, అలాగే ఉంటుంది అని వదిలేస్తే గీసినవాడు ఎప్పటికీ మెరుగుపడడు. మంచిదాన్నీ అది మింగేస్తుంది. 2018లో వెబ్‌టూన్‌గా వచ్చిన కొరియా ‘సోలో లెవెలింగ్’ని మన కుర్రాళ్లు ఫోన్‌లో ఎంత చదివారో, 2024లో అనిమే వచ్చాక ఎంత చూశారో చెప్పక్కర్లేదు. హీరో కళ్ల ముందు గేమ్‌లోలాగే లెవెల్, బలం, పనుల జాబితా కనపడతాయి. గేమ్ వ్యాకరణం కథ చెప్పే పద్ధతిగా మారింది. దాని బొమ్మలు గీసిన జాంగ్ సుంగ్-రాక్ వేలితో పైకి తోసే తెరని ఎలా వాడుకున్నాడు, ఎక్కడ ఖాళీ వదిలి ఎక్కడ విరుచుకుపడ్డాడు అన్నది రాయాల్సిన విషయం. మనకు దొరికేది మాత్రం ‘గేమర్ల పగటి కల’ అన్న ముక్క.

ఇంతకీ ఆ గేమర్ ఎవరు? విశాఖ నుంచి పలాస వెళ్లే ప్యాసింజర్ ఎక్కి ఒక పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. లూడో ఆడుతున్న రిటైర్డ్ టీచర్లు, క్యాండీ క్రష్‌లో మునిగిపోయిన నర్సమ్మ, చీపురుపల్లి వచ్చిందని పక్కవాడు తడితే గాని లేవని గుమాస్తా. అమెరికా గేమ్ పరిశ్రమ సంఘం 2024 లెక్కల్లో అక్కడి ఆటగాడి సగటు వయసు 36, దాదాపు సగం మంది ఆడవాళ్లు. కామిక్‌లో మాత్రం వాడికి ఎప్పుడూ పంతొమ్మిదేళ్లే.

ఇంకో దృశ్యం ఏ కామిక్‌లోనూ రాలేదు. మా ఉత్తరాంధ్ర వైపు కుర్రాళ్లు సగం మంది ఊళ్లో ఉండరు. వేరావల్ చేపల బోట్లకి, చెన్నై కట్టుబడి పనులకి, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకి చెదిరిపోయారు. రాత్రి పని దిగాక నలుగురు ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల గేమ్‌లో ఒక స్క్వాడ్‌గా, అంటే జట్టుగా, కలుస్తారు. ఒకడు గుజరాత్ హార్బర్‌లో, ఒకడు కవిటిలో. తుపాకుల మోత మధ్య వాళ్లు మాట్లాడుకునేది వినాలి. ‘వానలు పడ్డాయేటి’, ‘సెల్లి సంబంధం ఏటయింది’. వాళ్లకి ఆ స్క్వాడ్ ఊరి రావిచెట్టు అరుగు. ఇంట్లో అమ్మకి మాత్రం గుంటడు ఎప్పుడూ ఆ ఫోన్‌లోనే.

గేమ్‌ల వల్ల అప్పులపాలైన ఇళ్లు లేవా అంటారా? ఉన్నాయి. అది డబ్బు పెట్టి ఆడే రమ్మీ కథ. దాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బు ఆటల్ని నిషేధించి, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ని ప్రోత్సహిస్తామంది. పార్లమెంటుకు తెలిసిన తేడా కామిక్ సమీక్షకుడికి తెలియాలి కదా. విజయనగరం వాళ్లకి ఇది నేర్పాల్సిన పని కూడా లేదు. ‘కన్యాశుల్కం’లో పేకాట రంగం చూడండి. పేక ఆడేవాళ్లంతా ఒకటే అని గురజాడ తేల్చేయలేదు. పోలిశెట్టి ముక్క వేసే తీరు పోలిశెట్టిదే, మధురవాణిది మధురవాణిదే.

నన్ను అసలు కుదిపేది ఇంకా వెనక్కి పోతుంది. మనిషిని చూడకుండా మూసని చూసే ఈ జబ్బు మాకు కొత్త కాదు. తెలుగు సినిమాలో దశాబ్దాల పాటు శ్రీకాకుళం యాస వినపడిందంటే అక్కడ పనిమనిషో, వాచ్‌మనో, తన్నులు తినే కమెడియనో ఉన్నట్టే. ఆ యాసలో ప్రేమ, కోపం, లెక్కలు, రాజకీయం నడుస్తాయని తెరకి తట్టలేదు. 2020లో ‘పలాస 1978’, 2025లో ‘తండేల్’ లాంటివి వచ్చినా అవి వేళ్ల మీద లెక్కే. 2018లో పాకిస్తాన్‌కి చిక్కిన మా మత్స్యకారుల కథ కాబట్టి ‘తండేల్’లో హీరోకి ఆ యాస దక్కింది. పెద్ద హీరో నోట మా మాట నవ్వు కోసం కాకుండా రావడానికి మావాళ్లు పరాయి జైల్లో ఏడాదికి పైగా ఉండాల్సొచ్చింది.

రేపు సోంపేట కుర్రాడెవడో ఆ స్క్వాడ్ కబుర్లని మా యాసలోనే వెబ్‌కామిక్‌గా గీశాడనుకోండి. గేమర్ ముద్ర, యాస ముద్ర రెండూ ఒకేసారి పడతాయి. సమీక్ష ఇప్పటికే ఎక్కడో రాసి పెట్టి ఉంటుంది: ‘యాస భలే నవ్వించింది, గేమర్లకు నచ్చుతుంది.’ అందులో గీత గురించి ఒక్క వాక్యమైనా ఉంటుందని నేను పందెం కాయను. పందెం ఎలాగూ ఇప్పుడు చట్టవిరుద్ధం.