డబ్బు కడితే ఏఎంటీ సర్టిఫికెట్ ఇచ్చేస్తారట! ఆ ఫార్వర్డ్ సంగతి చూద్దాం

ఐటీ సపోర్ట్ వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో వారం రోజులుగా ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ఇంటెల్ వీప్రో (ఆఫీసుల కోసం చేసిన రకం) మెషీన్లను దూరం నుంచి నడిపే ఏఎంటీ అనే సదుపాయానికి కావాల్సిన ప్రొవిజనింగ్ సర్టిఫికెట్ (ఆ మెషీన్లను మొదటిసారి సెటప్ చేయనిచ్చేది) కూడా మామూలు వెబ్‌సైట్ సర్టిఫికెట్టేనట, మెయిల్‌లో ఒక లింకు నొక్కితే చాలట, కంపెనీ వెరిఫికేషన్ అంతా నాటకమట, అది చేతికొస్తే ఎవరి ల్యాప్‌టాప్‌నైనా లాక్కోవచ్చట, కాబట్టి డబ్బు దండగ చేయకుండా ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది తెచ్చుకోమని, లేదంటే సొంత సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ) పెట్టుకోమని సలహా. ఎవరి ల్యాప్‌టాప్‌నైనా లాక్కునే సర్టిఫికెట్ ఉచితంగా దొరికితే ఈపాటికి మన ఉద్యోగాలు ఉండేవా అని రాసినాయన ఒక్క నిమిషం ఆలోచించలేదు.

"మెయిల్‌లో లింకు నొక్కితే చాలు."

అది డీవీ, అంటే డొమైన్ మీదేనా కాదా అని మాత్రమే చూసే రకం. ఏఎంటీ సర్టిఫికెట్ కోసం సీఏలు అడిగేది ఓవీ, అంటే కంపెనీని కూడా చూసే రకం. ఇందులో డొమైన్ చూడటం మొదటి మెట్టే. తర్వాత ఆ పేరుతో కంపెనీ నిజంగా ఉందా, ఆ చిరునామా దానిదేనా, అప్లై చేసిన మనిషి ఆ కంపెనీ తరఫున అడుగుతున్నాడా అనేవి తేలాలి. మన దేశంలో అయితే కంపెనీ వ్యవహారాల శాఖ రికార్డే ముందు తీస్తారు.

మా అనుభవం చెప్తా. మా ఆఫీసు అమీర్‌పేట నుంచి మాదాపూర్‌కి మారి రెండేళ్లయినా శాఖ రికార్డులో పాత చిరునామానే ఉంది, మేము ఫారంలో కొత్తది రాశాం, వెంటనే తిరగ్గొట్టారు. అది సర్దుకున్నాక ఫోన్ దగ్గర ఆగింది. మా హెడ్ మొబైల్ నంబర్ ఇచ్చి "దీనికి చేయండి సార్" అంటే చేయరు, ఎందుకంటే మనం ఇచ్చిన నంబర్‌కే చేస్తే మోసగాడు కూడా తన నంబరే ఇస్తాడు కదా. మూడో చోట దొరికిన నంబర్ కావాలి. ఒక డైరెక్టరీలో ఉన్నది అమీర్‌పేట రిసెప్షన్ ల్యాండ్‌లైన్, అది మోగి మోగి ఆగిపోయేది. చివరికి మా చార్టర్డ్ అకౌంటెంట్ చిరునామా, నంబర్ ధ్రువీకరిస్తూ లెటర్ ఇచ్చాక, ఆయన్ని కూడా విడిగా కనుక్కుని మరీ ఒప్పుకున్నారు. పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల టెన్షన్ చూసినవాడెవడూ "లింకు నొక్కితే చాలు" అనడు.

"వెరిఫికేషన్ అంతా నాటకం."

ఇందులో మాత్రం పావు వంతు నిజం ఉంది. మెషీన్‌లోని ఏఎంటీ ఫర్మ్‌వేర్ (హార్డ్‌వేర్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) మీ కంపెనీ పేరు చదవదు. అది చూసేది మూడు: సర్టిఫికెట్ తాలూకు రూట్ హాష్ (జారీ చేసిన సీఏ మూల సర్టిఫికెట్‌కి వేలిముద్ర లాంటిది) తన లిస్టులో ఉందా, 2.16.840.1.113741.1.2.3 అనే ఓఐడీ (ఇది ఏఎంటీ కోసం ఇచ్చిన సర్టిఫికెట్ అని చెప్పే నంబర్) ఉందా, డొమైన్ కలిసిందా. ఓఐడీ బదులు ఓయూ (కంపెనీలో విభాగం పేరు రాసే) ఫీల్డులో "ఇంటెల్ క్లయింట్ సెటప్ సర్టిఫికెట్" అని రాయించే పద్ధతి కూడా ఉండేది కానీ, 2022 సెప్టెంబర్ 1 నుంచి పబ్లిక్ సర్టిఫికెట్లలో ఓయూ ఫీల్డునే నిషేధించారు, పాత గైడ్లు చూసి అప్లై చేసేవాళ్లు ఇక్కడే తికమక పడుతున్నారు. ఫర్మ్‌వేర్ చదవకపోతే పేరెందుకు అంటారా? ఆ సర్టిఫికెట్‌తో ఎవరైనా తేడా పని చేస్తే వెనక ఒక రిజిస్టరైన సంస్థ, ఒక చిరునామా దొరుకుతాయి. అంతకు మించి అది ఏ భద్రతకూ హామీ కాదు, అలా అని సీఏలు కూడా చెప్పవు.

"ఎవరి ల్యాప్‌టాప్‌నైనా లాక్కోవచ్చు."

కుదరదు. సర్టిఫికెట్‌లోని డొమైన్, ఆ మెషీన్ ఉన్న నెట్‌వర్క్‌లో డీహెచ్‌సీపీ (మెషీన్లకు నెట్‌వర్క్ అడ్రసులు పంచే సర్వీసు) తన ఆప్షన్ 15లో ఇచ్చే డొమైన్ కలవాలి. మీ డొమైన్‌కి తీసుకున్న సర్టిఫికెట్ పక్క కంపెనీ నెట్‌వర్క్‌లో పని చేయదు. అయితే మీ ఆఫీసు కేబుల్ నెట్‌వర్క్‌లోకి దూరి దొంగ డీహెచ్‌సీపీ పెట్టగలిగినవాడి దగ్గర తన సొంత డొమైన్‌కి సక్రమంగా తీసుకున్న సర్టిఫికెట్ ఉంటే, ఇంకా ప్రొవిజన్ చేయని మెషీన్లకు ముప్పే. దానికి మందు ఎంఈబీఎక్స్ (మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే ఏఎంటీ సెట్టింగుల) మెనూలో మీ డొమైన్‌ని ముందే పీకేఐ డీఎన్ఎస్ సఫిక్స్ అనే సెట్టింగులో పెట్టేయడం.

అసలు భయపడాల్సింది వేరే ఉంది. 2018 జనవరిలో ఎఫ్-సెక్యూర్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు చూపించింది ఏమిటి? ఎంఈబీఎక్స్ డిఫాల్ట్ పాస్‌వర్డ్ "అడ్మిన్" మార్చకపోతే, ల్యాప్‌టాప్ ఒక్క నిమిషం చేతికి దొరికినా చాలని. అంతకు ముందు ఏడాది బయటపడిన సీవీఈ-2017-5689 అనే లోపంలో పాస్‌వర్డ్‌కి ఖాళీ జవాబు పంపినా ఏఎంటీ లాగిన్ ఇచ్చేసేది. రెండింటిలోనూ సర్టిఫికెట్ ఊసే లేదు. పాస్‌వర్డ్ మార్చారా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశారా అని ఆ మెసేజ్ అడిగి ఉంటే నేనే పది గ్రూపులకు పంపేవాణ్ని.

"లెట్స్ ఎన్‌క్రిప్ట్ తెచ్చుకోండి, లేదా సొంత సీఏ."

లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చేది డీవీ మాత్రమే, పైన చెప్పిన ఓఐడీ వేయదు. అంతే, అక్కడితో ఆ కథ ముగిసింది.

సొంత సీఏ మాత్రం నిజంగా కుదురుతుంది. కానీ మీ రూట్ హాష్ ప్రతి మెషీన్‌లోకి ఎక్కాలి, ఎంఈబీఎక్స్‌లో చేత్తో టైప్ చేస్తారో, యూఎస్‌బీ పట్టుకుని తిరుగుతారో, కొనేటప్పుడే తయారీదారు చేత పెట్టిస్తారో మీ ఇష్టం. మూడు వందల ల్యాప్‌టాప్‌లు మూడు ఊళ్లలో ఉంటే ఆ పని ఎవరు చేస్తారో కూడా మెసేజ్ రాసినాయనే చెప్పాలి. ఇరవై మెషీన్లే ఉంటే అసలు సర్టిఫికెట్టే అక్కర్లేని క్లయింట్ కంట్రోల్ మోడ్ సరిపోవచ్చు, కాకపోతే దూరం నుంచి స్క్రీన్‌ని మన చేతిలోకి తీసుకోవాలంటే ప్రతిసారీ అవతల కూర్చున్న మనిషి ఒక కోడ్ చదివి చెప్పాలి.

"ఒకసారి తీసుకుంటే ఇక గొడవ లేదు" అని చివర్లో ఒక తోక కూడా ఉంది. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 398 రోజుల బదులు 200 రోజులు, 2027 మార్చి నుంచి 100, 2029 మార్చి నుంచి 47. కంపెనీ వివరాల వెరిఫికేషన్‌ని తిరిగి వాడుకునే గడువు కూడా 825 రోజుల నుంచి 398కి తగ్గింది. ఇప్పటికే సెటప్ అయిన మెషీన్లు గడువు తీరిందని ఆగిపోవు, కొత్తవి చేర్చాలంటేనే ఇబ్బంది. వెరిఫికేషన్ మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి మేమైతే రికార్డులో చిరునామా మార్పించి, ఎవరో ఒకరు ఎత్తే నంబర్‌ని డైరెక్టరీలో పెట్టించాం.